ఎండకు నిలిచే గులాబీ ఏది? నల్లగొండ, పాలమూరు ఇళ్లకు ఎంపిక సలహా

కార్తీక మాసంలో నర్సరీకి పోతే ప్రతి గులాబీ మొక్కా బాగానే కనిపిస్తుంది. అప్పటి నుంచి మూడు నెలలు మన దగ్గరి వాతావరణం గులాబీకి కొత్తల్లుడి మర్యాద చేస్తుంది. అప్పుడు పువ్వు చూసి కొంటే అసలు సంగతి ఏప్రిల్, మే నెలల్లో బయటపడుతుంది. దేవరకొండ, వనపర్తి, నాగర్‌కర్నూల్, మిర్యాలగూడ, ఎక్కడైనా మధ్యాహ్నం 42, 43 డిగ్రీలు మామూలే. మిద్దె మీద గచ్చు కాలి వేడి ఇంకా పెరుగుతుంది. బోరు నీళ్లు తగ్గేకొద్దీ వాటిలో ఉప్పు చిక్కబడుతుంది. అందుకే ఈ ప్రాంతంలో గులాబీ ఎంచుకునేటప్పుడు ముందు మీ నీళ్లు, తర్వాత మొక్క ఉండే చోటు, ఆ తర్వాత పువ్వు దేనికి కావాలన్నది చూడాలి. రంగు సంగతి చివర.

ముందు నీళ్ల లెక్క

గులాబీకి నేల ఉదజని సూచిక (pH) 6 నుంచి 7 మధ్య ఉంటే హాయి. మన బోరు నీళ్లు చాలా ఊళ్లలో కఠినం. బకెట్ అంచున, కుండీ చుట్టూ తెల్లటి పొర కడుతుందంటే మీ నీళ్లలో సున్నపు గుణం ఎక్కువని అర్థం. అలాంటి నీళ్లే ఏడాదంతా పోస్తే మట్టి చౌడెక్కుతుంది. మట్టిలో ఇనుము ఉన్నా వేర్లు తీసుకోలేవు. కొత్త ఆకులు పసుపు రంగుకు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. దీన్ని నత్రజని లోపం అనుకుని యూరియా వేస్తే ఏమీ మారదు. నత్రజని లోపంలో ముదురు ఆకులు ముందు పండుతాయి, ఇనుప లోపంలో లేత ఆకులు ముందు పండుతాయి. తేడా అదే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయాలి. వారం, పది రోజులకొకసారి రెండు మూడు సార్లు చేస్తే చిగురు పచ్చబడుతుంది. ద్రావణం ఎప్పటికప్పుడు కలుపుకోవాలి. గోధుమ రంగుకు తిరిగితే పారబోయండి, అది పని చేయదు.

మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లు వచ్చే ఇళ్లవాళ్లకు ఈ బాధ తక్కువ. తాగడానికి పోను బకెట్టెడు మిగిలితే గులాబీలకు ఇవ్వండి, బోరు నీళ్లు వేపకూ మందారానికీ చాలు. వానాకాలంలో మిద్దె నీళ్లు డ్రమ్ములో పట్టుకుంటే ఇంకా మంచిది. ఒకటి మరవద్దు: కోడిగుడ్డు పెంకులు, పొయ్యి బూడిద, రైస్ మిల్లు బూడిద ఎరువు కదా అని మన దగ్గర చాలామంది గులాబీ మొదలు చుట్టూ పోస్తారు. కఠినమైన నీళ్లున్నచోట అవి చౌడును ఇంకా పెంచుతాయి. మిర్యాలగూడ చుట్టుపక్కల మిల్లుల్లో ఉచితంగా దొరికే ఊక మాత్రం వాడుకోవచ్చు, మొక్క మొదలు చుట్టూ పరచడానికి. కాలిన బూడిద వద్దు.

నీళ్లు పూర్తిగా కఠినమై, వేరే దారి లేదనుకోండి. అప్పుడు కింద చెప్పే మొదటి రకం తప్ప మిగతావాటికి శ్రమ పడాలి.

నాటు గులాబీ: చనిపోదు, అలంకారానికి రాదు

నర్సరీవాళ్లు పన్నీరు గులాబీ, ఎడ్వర్డ్ గులాబీ, నాటు గులాబీ అని రకరకాల పేర్లతో అమ్మేది ఎక్కువగా ఒకే కోవకు చెందిన గులాబీ. లేత గులాబి రంగు, రేకులు వదులుగా ఉంటాయి, వాసన మాత్రం నిండుగా. పొద్దున తెంపితే సాయంత్రానికి వాడిపోతుంది, కాబట్టి కాడతో పూలగుత్తికి పనికిరాదు. పూజకు, దండకు, గుల్కందుకు దీన్ని మించింది లేదు. గుల్కంద్ చేయాలనుకుంటే ఆ మొక్క మీద వేపనూనె తప్ప ఏ మందూ కొట్టకండి.

దీని బలం సొంత వేర్ల మీద ఉంటుంది. పెన్సిల్ లావు, జానెడు పొడవు ముదురు కొమ్మ కోసి, మూడింట రెండు వంతులు మట్టిలో దించితే వానాకాలంలోనూ, అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకూ సులువుగా వేరు పడుతుంది. అంటు లేదు కాబట్టి ఎండకు పైన ఎండిపోయినా మొదట్లోంచి వచ్చే చిగురు అదే జాతిది. తెగులు తట్టుకుంటుంది, చల్క నేలలో బతుకుతుంది. ఇబ్బంది ఒక్కటే, ముళ్లు దట్టం, పొద నాలుగైదు అడుగులు అడ్డదిడ్డంగా పెరుగుతుంది. పిల్లలు తిరిగే దారి పక్కన పెట్టకూడదు. కుండీలో పెడితే అలుగుతుంది, నేల ఉన్నవాళ్లకే ఇది.

ఆన్‌లైన్‌లో దమస్కు గులాబీ, అత్తరు గులాబీ అని ఉత్తరాది రకం తెప్పించుకునేవాళ్లున్నారు. అది వేరే మొక్క. చలి కావాలి, ఏడాదికి ఒక్కసారి వసంతంలో కొన్ని వారాలు పూసి ఊరుకుంటుంది. పాలమూరు చలి దానికి చాలదు.

బటన్ గులాబీ: చిన్న పూలు, చిన్న కుండీ

అద్దె ఇల్లు, చిన్న బాల్కనీ, ఎనిమిది పది అంగుళాల కుండీ. ఇంతే ఉన్నవాళ్లకు బటన్ రకమే సరి. ఎర్రవి, తెల్లవి, గులాబి రంగువి గుత్తులుగా, దాదాపు ఏడాదంతా పూస్తాయి. జడలో పెట్టుకోవడానికి పెద్ద పూలకన్నా ఇవే నయం. వాసన దాదాపు ఉండదు.

వీటికి శత్రువు ఎర్రనల్లి. మార్చి నుంచి ఆకు పైన సన్నటి తెల్ల చుక్కలు, కింద బూజులాంటి సాలెగూడు కనిపిస్తే అదే. ఆకులు దట్టంగా, కురచగా ఉండే మొక్క కాబట్టి మిగతా రకాల కన్నా ఇక్కడ త్వరగా పెరుగుతుంది. రెండు రోజులకొకసారి ఆకుల అడుగుభాగానికి తగిలేలా నీళ్లు జోరుగా కొడితే సగం పోతుంది. పొద్దున పూటే కొట్టాలి, రాత్రికి ఆకు తడిగా ఉండకూడదు. అప్పటికీ తగ్గకపోతే ప్రొపర్‌గైట్ అనే నల్లి మందు లీటరుకు 2 మి.లీ. సాయంత్రం చల్లబడ్డాక కొట్టాలి. నల్లికి గంధకం మందు అని అందరికీ తెలుసు, కానీ 35 డిగ్రీలు దాటిన రోజుల్లో గంధకం కొడితే ఆకు మాడిపోతుంది. నల్లి వచ్చేదే ఆ రోజుల్లో.

గుత్తి గులాబీలు: ఎక్కువమందికి ఇవే తగినవి

ఫ్లోరిబండా అని నర్సరీలో అంటారు. పువ్వు మధ్యస్థం, ఒక్కో కొమ్మకు ఐదు నుంచి పది దాకా. వీటిలో తెల్ల రంగు ఐస్‌బర్గ్ 1958లో జర్మనీలో కోర్డెస్ సంస్థ విడుదల చేసిన పాత రకం. ఇన్నేళ్లయినా ఎండ ప్రాంతాల్లో దీని స్థానం కదలలేదు. ముళ్లు తక్కువ, లేత రంగు కాబట్టి రేకులు అంతగా మాడవు, మేలో కూడా చిన్నవైనా పూలు ఇస్తుంది. వాసన స్వల్పం. వానాకాలంలో నల్లమచ్చ తెగులు తగులుతుంది, ఆకు రాలుస్తుంది, మళ్లీ చిగురిస్తుంది. కంగారు పడక్కర్లేదు.

మొదటిసారి గులాబీ పెంచేవాళ్లు ఒకే మొక్క కొనేట్టయితే అది గుత్తి గులాబీయే కావాలని నా అభిప్రాయం. ఒక పువ్వు పురుగు తిన్నా పక్కన నాలుగు ఉంటాయి, మనసు చిన్నబోదు. హైబ్రిడ్ పెద్ద గులాబీలో నెల రోజులు చూసిన ఒక్క మొగ్గనూ తామర పురుగు పాడు చేస్తే చాలామంది అక్కడితో మానేస్తారు.

పెద్ద పూల హైబ్రిడ్‌లు: ఇక్కడే డబ్బు పోయేది

కాడకు ఒకటే మొగ్గ, అరచేయంత పువ్వు. అందరికీ ఇదే కావాలి. ఈ తరగతిలో అన్నీ ఒకటి కావు, అందుకే రకం పేరు అడిగి కొనాలి. పేరు చెప్పలేని నర్సరీలో పువ్వు విచ్చుకున్న మొక్కనే తీసుకోండి, లేకపోతే ఏది వస్తుందో చెప్పలేం.

గ్లాడియేటర్ 1955 నాటి ఎర్ర రకం. మన దేశంలో పాలీహౌస్‌లు రాకముందు ఆరుబయట పండించిన ఎర్ర గులాబీల్లో ఇది ముఖ్యమైనది. కాడ గట్టిది, ఎదుగుదల జోరు, చల్క నేలలో పెంట ఎరువు బాగా పడితే బాగా నిలుస్తుంది. వేసవిలో రేకుల అంచు నల్లబడుతుంది, ముదురు ఎరుపులన్నిటికీ ఉన్న బాధే. ముదురు రంగు ఎండను ఎక్కువగా పీల్చుకుంటుంది, అంచు ముందుగా ఎండిపోతుంది. వాసన తక్కువ.

క్వీన్ ఎలిజబెత్ (1954, అమెరికా) గులాబి రంగు, ఆరడుగుల దాకా పెరుగుతుంది. నేలలో, గోడ వెంట, కాపలాలా నిలబడడానికి మంచిది. కుండీకి పనికిరాదు. హైబ్రిడ్‌లలో దీనంత మొండిది తక్కువ.

డబుల్ డిలైట్ (1977) చూడగానే మనసు దోచేది. మీగడ రంగు రేకుల అంచుకు ఎరుపు, వాసన అద్భుతం. ఎండ తగిలేకొద్దీ ఎరుపు పెరుగుతుంది, నీడలో పెడితే తెల్లగానే ఉండిపోతుంది. కనుక దీన్ని షేడ్‌నెట్ కింద ఉంచి రంగు రాలేదని నర్సరీవాణ్ని తిట్టడం న్యాయం కాదు. బూడిద తెగులు మాత్రం త్వరగా పడుతుంది. డిసెంబరు, జనవరిలో పగలు వెచ్చగా, రాత్రి చల్లగా ఉన్నప్పుడు లేత ఆకులు ముడుచుకుని తెల్లటి పిండి చల్లినట్టవుతాయి. అప్పుడు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి కొట్టవచ్చు, ఆ చలిలో ఆకు మాడదు.

పీస్ గురించి ఒక మాట. లేత పసుపు, అంచున గులాబి చాయ, 1945లో ఆ పేరుతో విడుదలైంది, ప్రపంచంలో అన్నిటికన్నా పేరున్న గులాబీల్లో ఒకటి. మన దగ్గర శీతాకాలంలో పూసే పువ్వు చూసి తీరాలి. మార్చి తర్వాత రంగు వెలిసి తెల్లబోతుంది, రేకులు తగ్గుతాయి. ఏడాదికి మూడు నెలల అందం చాలనుకునేవాళ్లకే.

ఇక పసుపు, నారింజ రంగులు. 1900లో ఫ్రాన్స్‌లో పెర్నె డూషే విడుదల చేసిన సొలేయ్ డోర్ అనే గులాబీ ద్వారా పర్షియా వైపు పసుపు గులాబీ రక్తం హైబ్రిడ్‌లలోకి వచ్చింది. పసుపు రంగుతో పాటు నల్లమచ్చ తెగులుకు లొంగే గుణమూ వెంట వచ్చింది. అందుకే నాలుగు రంగులు పక్కపక్కన పెట్టి చూడండి, జులై, ఆగస్టు ముసురుకు ముందుగా ఆకు రాల్చేది పసుపుదే. ఆకు మీద ఏడెనిమిది గంటలు తడి ఉంటే చాలు, ఈ తెగులు మొలకెత్తుతుంది. రాలిన ఆకులు ఏరి కాల్చాలి. మాంకోజెబ్ లీటరుకు 2.5 గ్రాములు పది, పన్నెండు రోజులకొకసారి కొట్టాలి. ఈ పని చేయలేమనుకుంటే పసుపు వద్దు, గులాబి రంగు తీసుకోండి.

పూలకొట్లో పొడుగు కాడతో అమ్మే డచ్ గులాబీ పాలీహౌస్‌లో పెరిగేది. ఆ కాడ ఇంట్లో పాతి వేరు వచ్చినా, మిద్దె మీద మే దాటదు. ఇంటర్నెట్‌లో అమ్మే నీలం గులాబీ, ఇంద్రధనుస్సు గులాబీ విత్తనాలు శుద్ధ మోసం. పేరున్న గులాబీ ఏదీ విత్తనంతో అదే రకంగా రాదు.

పాకే గులాబీల గురించి చెప్పేది తక్కువే. పడమటి గోడకు పెట్టకండి, గోడ వేడికి ఉడికిపోతాయి. తూర్పు గోడ లేదా గేటు కమాను సరి. కొమ్మలను నిలువుగా వదలక అడ్డంగా వంచి కట్టాలి, అప్పుడే కణుపు కణుపుకూ పూలు.

అంటు మొక్కలో చూడాల్సింది

హైబ్రిడ్‌లన్నీ అంటు మొక్కలే. మొక్క మొదలు దగ్గర గుబ్బలా కనిపించేది అంటు కట్టిన చోటు. నాటేటప్పుడు అది మట్టికి రెండంగుళాలు పైనే ఉండాలి. గుబ్బ కింది నుంచి వచ్చే కొమ్మ, వేర్ల కోసం వాడిన అడవి మొక్కది. సన్నగా, పొడుగ్గా, లేత ఆకుపచ్చగా జోరుగా లేస్తుంది. చూసినవాళ్లు మొక్క బాగా ఎదుగుతోందని మురిసిపోతారు. ఆరు నెలల్లో అసలు మొక్క చచ్చి, అడవిది మిగులుతుంది. "మా గులాబీ రంగు మారింది" అనేవాళ్ల ఇళ్లలో జరిగేది ఎక్కువగా ఇదే. ఏడు ఆకులుంటే అడవి కొమ్మ, ఐదుంటే అసలుది అనే లెక్కను నమ్మవద్దు, మంచి గులాబీలకూ ఏడు ఆకులు వస్తాయి. కొమ్మ ఎక్కడి నుంచి పుట్టిందో మట్టి తోడి చూడాలి. కత్తెరతో కోస్తే రెండు లేస్తాయి, పుట్టిన చోటునుంచి చీల్చి లాగేయాలి.

వేర్లిచ్చే ఆ అడుగు మొక్క ఏదని నర్సరీలో అడగండి. రోసా ఇండికా ఒడొరాటా మీద కట్టిన అంటు చౌడును, ఉప్పు నీటిని కాస్త ఓర్చుకుంటుంది. మల్టీఫ్లోరా మీదది కఠినమైన నీళ్లకు త్వరగా పసుపెక్కుతుంది. జవాబు తెలియని దుకాణాలే ఎక్కువ, అయినా అడగడంలో తప్పు లేదు.

ఆటోలో మైకు పెట్టి అమ్మే మొక్కలు చవక, తరచూ కడియం వైపు నుంచి వచ్చినవి. గట్టి జిగట మట్టి ముద్దలో ఉంటాయి. నీళ్లు పోస్తే ముద్ద చుట్టూ జారిపోయి లోపల వేరు పొడిగా ఉండిపోతుంది. బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టి పై మట్టి మెత్తబరిచి నాటాలి. అది అక్టోబరు నుంచి జనవరి దాకా మాత్రమే. వేసవిలో ముద్ద విప్పితే మొక్క దక్కదు.

కుండీనా, నేలా?

నేల ఉంటే నేలే. అడుగున్నర లోతు, అంతే వెడల్పు గుంత తీసి, ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల పెంట ఒక పాలు, గుప్పెడు వేపపిండి, గుప్పెడు ఎముకల పొడి కలిపి నింపాలి. రేగడి అయితే ఇసుక ఒక పాలు కలపాలి, గట్టు కట్టి ఎత్తు మీద నాటాలి. గద్వాల వైపు నల్లనేలల్లో నీళ్లు నిలిచి వేరు కుళ్లడమే ఎక్కువ. పెద్ద హైబ్రిడ్‌ల మధ్య రెండున్నర అడుగులు, గుత్తి రకాలకు రెండు అడుగులు, బటన్ రకాలకు ఒకటిన్నర. పెంట పచ్చిగా ఉంటే వేరుపురుగు కూడా వస్తుంది. తొలకరి తర్వాత రాత్రి పూట పెంకు పురుగులు ఆకులు, మొగ్గలు తినడం ఆ పురుగు పెరిగినదే. రాత్రి ఏడు ఎనిమిది మధ్య టార్చి పట్టుకుని ఏరి సబ్బు నీళ్లలో వేయడమే మేలు.

మిద్దె మీదైతే పెద్ద హైబ్రిడ్‌కు 14 అంగుళాలు, గుత్తికి 12. నల్ల ప్లాస్టిక్ కుండీలు మేలో వేరును ఉడికిస్తాయి, తెల్ల రంగు పెయింటు డబ్బాలు వాటికన్నా నయం, అడుగున నాలుగైదు రంధ్రాలు పెట్టండి. కొత్త సిమెంటు కుండీ సున్నం వదులుతుంది. నింపి, పారబోసి, పది రోజులు నీళ్లు మార్చాకే మట్టి వేయాలి. కుండీ కింద రెండు ఇటుకలు. నెలకొకసారి అడుగు నుంచి ధారగా కారేదాకా నీళ్లు పోసి ఉప్పు కడిగేయాలి, ఆ రోజు ఎరువు వేయకూడదు. మామూలు రోజుల్లో 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండి నీటిలో కరిగే ఎరువు) లీటరుకు 3 గ్రాములు, పదిహేను రోజులకొకసారి, తడి మట్టి మీదే. పొడి మట్టి మీద పోస్తే వేరు కాలుతుంది.

మార్చి మధ్య నుంచి 50 శాతం షేడ్‌నెట్ కట్టాలి, డబుల్ డిలైట్‌కు 35 శాతం. మొక్క మొదలు చుట్టూ వేరుశనగ పొట్టు రెండంగుళాలు పరిస్తే తేమ నిలుస్తుంది, పాలమూరు వైపు అది చవక. పొట్టు కాండానికి తగలకుండా కాస్త ఖాళీ వదలాలి, లేకపోతే చెదలు పడతాయి. మేలో వచ్చే మొగ్గలను తెంపేయడం మంచిది. మొక్క బతకడానికి దాచుకున్న బలం పువ్వుకు పోతే జూన్‌లో చిగురు రాదు.

కత్తిరింపు రకాన్ని బట్టి

పెద్ద హైబ్రిడ్‌ను మూడు నాలుగు మంచి కొమ్మలు ఉంచి అడుగున్నర ఎత్తుకు కోయాలి. గుత్తి రకాన్ని అంత లోతుగా కాదు, మూడో వంతు తీస్తే చాలు. బటన్‌కు ఎండిన కొమ్మలు, పూసిన గుత్తులు. నాటు గులాబీని పొద అదుపులో ఉండేలా చెక్కడమే. పాకేవాటిని నరకవద్దు, పూసిన పక్క కొమ్మలను రెండు మూడు కణుపులకు కుదించాలి. కోత బయటి వైపు చూసే కన్నుకు (చిగురు పుట్టే చోటుకు) పావు అంగుళం పైన, ఏటవాలుగా. కోసిన చోట కాపర్ ఆక్సీక్లోరైడ్‌ను నీళ్లతో పేస్టు చేసి పూయకపోతే కోత నుంచి కిందికి కొమ్మ నల్లబడుతూ ఎండిపోతుంది. హైబ్రిడ్‌లు ఎక్కువగా పోయేది ఎండకు కాదు, ఈ ఎండు తెగులుకే. నల్లబడితే పచ్చని కండ కనిపించేదాకా కిందికి కోసి మళ్లీ పూత పెట్టాలి.

కత్తిరించిన 45, 50 రోజులకు పూలు. సంక్రాంతికి కావాలంటే నవంబరు 25, 30 మధ్య కోయాలి. డిసెంబరు మొదటికే కావాలంటే అక్టోబరు మూడో వారం. రెండు మొక్కలు ఉన్నవాళ్లు ఒకదాన్ని అక్టోబరులో, రెండోదాన్ని నవంబరు చివర కోస్తే శీతాకాలమంతా ఇంట్లో పూలు తెగవు. ఫిబ్రవరి దాటాక లోతుగా కోస్తే బయటపడ్డ కాండం మార్చి ఎండకు బొబ్బలెక్కుతుంది. అప్పుడు వాడిన పూలు తెంపడం వరకే కత్తెర పని.